పురుగు పోతే పోనీ, చీటీ పోవద్దు

జనవరి నెల. ఒసాకాకి గంటన్నర దూరంలో ఒక కొండదారి పక్కన కూర్చుని, వేళ్ళు మొద్దుబారిపోతుంటే చిన్న గడ్డపారతో గట్టుని గీకుతున్నాను. సరిగ్గా అప్పుడే నాయన వీడియో కాల్ చేశాడు. ఫోన్‌ని చెట్టు వేరుకి ఆనించి పని సాగించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, చూస్తూ ఉన్నాడు. తర్వాత అడిగాడు, "ఏం తవ్వుతున్నవురా?" పురుగులు నాయనా, అన్నాను. "ఎమ్మెస్సీ చదివి, ఇమానమెక్కి, గంత దూరం పోయి మట్టిపనే జేస్తున్నవా?"

మాది కోస్గి దగ్గర ఒక పల్లె. పాలమూరు లేబర్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలి, బొంబాయి బస్సెక్కి పోయే బతుకు. నాయన, అమ్మ కలిసి చాలా ఏళ్ళు అలాగే పోయారు. కాలువలు, కట్టలు, రోడ్లు, పునాదులు, ఎక్కడ మట్టి తవ్వేదుంటే అక్కడికి. నేను మాత్రం చదువుకున్నాను, ఉస్మానియాలో జువాలజీ చేశాను, ఇక పారా తట్టా మన ఇంట్లోంచి పోయినట్టే అనుకున్నారు. పోలేదు. జపాన్‌లో దానికి పేరు కూడా ఉంది, ఒసాహోరి అంటారు. ఒసాముషి అనే నేల పురుగులు చలికాలం గట్ల లోపల, పుచ్చిన దుంగల్లో ముడుచుకుని పడుకుంటాయి, వాటిని తవ్వి తీయడమే ఒసాహోరి. వీకెండ్‌లో సరదాగా కుటుంబంతో వచ్చి తవ్వేవాళ్ళని కూడా చూశాను. సరదాకి మట్టి తవ్వేవాళ్ళు లోకంలో ఉంటారని నాయన ఇప్పటికీ నమ్మడు.

నాయన ఆ గట్టుని బాగా చూసి సలహా ఇచ్చాడు. "కింద తవ్వకు, నీళ్ళు ఊరుతయ్. పైన వేర్ల కాడ తవ్వు." తవ్వాను. అరగంట తవ్వినా ఒక్కటి కూడా దొరకలేదు. మట్టి గురించి నాయనకి తెలియనిది లేదు గానీ ఈ పురుగుల సంగతి తెలియదు కదా పాపం.

నా ఉద్యోగం ఏమిటంటే, ఆసియా అంతటా ఉన్న నేల పెంకుపురుగుల్లో ఏది ఏ జాతి, ఏది ఏ ఉపజాతి (అంటే ఒకే జాతిలో చోటుని బట్టి రూపం మారిన రకం) అని తేల్చే ఒక ప్రాజెక్టులో అసిస్టెంట్‌ని. ఏడాది కాంట్రాక్టు, ప్రతి మార్చికీ వీసా టెన్షన్. తేల్చేది సెన్సే, అంటే మా సారు. నాది కిందిపని. పురుగుల్ని నానబెట్టడం, సూది గుచ్చడం, కోసి చూడటం, ఫొటోలు, డీఎన్ఏ కోసం ఒక కాలు తీసి పెట్టడం, ఏ పురుగు ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో చీటీలు రాయడం. ఈ చివరిది తేలిక పని అనుకున్నాను మొదట్లో. అక్కడే పడ్డాను, అది తర్వాత చెబుతాను.

పెంకుపురుగుల్లో కారాబిడే అని ఒక కుటుంబం. దాదాపు 40,000 జాతులకి పేర్లు పెట్టారు ఇప్పటిదాకా. అందులో మేం ఎక్కువగా చూసేది కారాబస్ అనే ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుని. 1758లో లినేయస్ పెట్టిన పేరు అది. జంతువుల శాస్త్రీయ నామాల లెక్క మొదలయ్యేదే ఆ ఏటి నుంచి. రాత్రిపూట తిరిగి నత్తల్ని, వానపాముల్ని, గొంగళి పురుగుల్ని తింటాయి. వీటిలో చాలావాటికి ఎగరడం రాదు. పై పెంకు కింద అసలు రెక్కలు కుదించుకుపోయాయి. మన కథంతా ఇక్కడే ఉంది. ఎగరలేని పురుగుకి వాగు అడ్డం, కొండ అడ్డం, సముద్రపు పాయ సరే సరి. అటు పక్కది ఇటు రాదు, ఇటు పక్కది అటు పోదు. వేల ఏళ్ళు అలా గడిచేసరికి ఒక్కో కొండ మీద ఒక్కో రూపం తయారవుతుంది.

జపాన్‌లో మైమైకబురి అని ఒకటుంది, నత్తని తినేది. నత్త గుల్లలో తల దూర్చి తింటుంటే గుల్లని టోపీలా పెట్టుకున్నట్టు కనిపిస్తుందని ఆ పేరట. మామూలుగా దీని తల, మెడ సన్నగా పొడుగ్గా ఉంటాయి, గుల్లలోకి దూరడానికి వీలుగా. సాదో ద్వీపంలో ఉండే ఉపజాతికి మాత్రం పెద్ద తల, గట్టి దవడలు. అది దూరదు, గుల్లనే కొరికి పగలగొడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు. ఇలాంటివాటికి ఉపజాతి పేరు పెడితే నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరం ఎక్కడంటే, చైనా, టిబెట్, కొరియా పురుగుల దగ్గర. ఈ పురుగులు అందంగా ఉంటాయి. కొన్ని పచ్చగా, కొన్ని ఎర్ర రాగిలా మెరుస్తాయి. యూరప్‌లో, జపాన్‌లో వీటిని సేకరించే పిచ్చి ఉన్నవాళ్ళకి కొదవ లేదు. ఒక కొండెక్కి నాలుగు పురుగులు పడతారు, పక్క కొండ వాటికన్నా మెరుపు కాస్త ఎరుపు తిరిగిందనో, మెడ కాస్త వెడల్పనో ఒక కొత్త ఉపజాతి పేరు పెట్టేస్తారు. అలా పేర్లు గుట్టలు పడ్డాయి. 1949లో అమడాన్ అనే పక్షుల శాస్త్రవేత్త ఒక లెక్క రాశాడు. ఒక చోటి జీవుల్లో కనీసం 75 శాతం రెండో చోటివాటి నుంచి తేడాగా తెలిసిపోతేనే ఉపజాతి అనాలని. ఆ లెక్కతో చూస్తే మా బీరువాలో సగం పేర్లు నిలబడవని నా అనుమానం. నా మాట ఎవరు అడిగారు గానీ. ఒకసారి పేరు అచ్చయితే దాన్ని తీసేయడం మన దగ్గర పహాణీలో పడ్డ తప్పు పేరు తీసేయడం లాంటిదే. ముందు పెట్టిన పేరుకే హక్కు, కాదనాలంటే మొదటి నమూనా ఏ మ్యూజియంలో ఉందో వెతికి పట్టుకుని, దాన్ని చూసి, రుజువు చేయాలి. ఆ మొదటి నమూనాకి ఎర్ర చీటీ గుచ్చుతారు. ఎర్ర చీటీ పురుగుని నన్ను ఏడాదిపాటు ముట్టుకోనివ్వలేదు.

బయటి రూపం ఒకేలా ఉంటే ఏం చేస్తారని మీకు అనుమానం రావచ్చు. మగ పురుగు పొట్ట చివర నుంచి జననాంగం బయటికి తీసి చూస్తాం. ఇలా రాస్తుంటే నాకే ఇబ్బందిగా ఉంది, అమ్మ అడిగితే "పొట్ట లోపలి భాగాలు" అని చెప్పి ఊరుకున్నాను. ఒసాకా చుట్టుపక్కల ఇవావాకి ఒసాముషి, మాయాసాన్ ఒసాముషి అని రెండు జాతులున్నాయి, రెండు పేర్లూ కొండల పేర్లే. పైనుంచి చూస్తే అన్నదమ్ములు. కానీ మగదాని అంగంలో ఒక చిన్న కొక్కెం లాంటి గట్టి ముక్క ఉంటుంది, ఒకదానికి పొట్టిది, రెండోదానికి పొడుగుది. ఆడదాని లోపలి సంచి కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, తాళంచెవీ తాళంకప్పా లెక్క. రెండు జాతులు కలిసే సరిహద్దులో పొరపాటున జత కడితే మగదాని ముక్క విరుగుతుంది, లేదా ఆడదాని లోపలి పొర చిరుగుతుంది. దీన్ని సోతా, కుబోతా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1998లో ప్రయోగాలతో చూపించారు. ఒసాకా పక్కనే ఉన్న కొంగో అనే కొండ మీద ఉండే ఇంకో జాతికి ఈ ముక్క మరీ పొడుగు, దానికి డోక్యో అనే పాతకాలపు సన్యాసి పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో ఇక్కడ రాయను.

డీఎన్ఏ చూస్తే తేలిపోదా అంటే, అక్కడ ఇంకా పెద్ద పేచీ. ఒసావా అనే ఆయన బృందం, తల్లినుంచి మాత్రమే పిల్లలకి వచ్చే మైటోకాండ్రియా అనే కణభాగంలోని ఎన్‌డీ5 అనే జన్యువుతో ఈ పురుగులన్నిటికీ వంశవృక్షం గీసింది. గీస్తే, ఒకే జాతి పురుగులు ఒకచోట చేరకుండా, ఒకే ప్రాంతంలోని వేరువేరు జాతులు ఒక కొమ్మ మీదికి వచ్చాయి. వేరువేరు చోట్ల అవే రూపాలు మళ్ళీ మళ్ళీ పుట్టాయని ఒసావా వాదన. కాదు, ఇరుగుపొరుగు జాతులు అప్పుడప్పుడు కలిసి తల్లివైపు జన్యువులు ఇటునుంచి అటు పోయాయి, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కణ కేంద్రకంలోని జన్యువులు చూస్తే వేరే చెట్టు వస్తుందని సోతా వాళ్ళు 2001లో చూపించారు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. మా ఊరు కర్ణాటక అంచున ఉంది కదా, కన్నడం ఇటు, తెలుగు అటు ఎంత కలిసిపోయాయో వింటూ పెరిగినవాణ్ణి. సరిహద్దు అంటే గీత గీసినట్టు ఉంటుందని అంటే నాకు ఎక్కదు.

ఇప్పుడు నా తప్పు సంగతి. చేరిన ఐదో నెలలో ఆ ఇవావాకి, మాయాసాన్ జాతులు కలిసే చోటు నుంచి పాతకాలంలో పట్టిన ఎండు పురుగులు ఇచ్చారు, 61. కోయాలంటే ముందు వేడినీళ్ళలో నానబెట్టి మెత్తబరచాలి. సూదులు, చీటీలు తీసి పక్కన పెట్టి, ఒక్కో చోటివి ఒక్కో గిన్నెలో వేసి, గిన్నెలో నంబరు కాగితం వేశాను. నంబర్లు జెల్ పెన్నుతో రాశాను. ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి, కాగితాలు తెల్లగా ఉన్నాయి. గిన్నెలు వరుసలో ఉన్నాయి కదా అనుకుంటే, మధ్యలో వేడినీళ్ళు మార్చడానికి నేనే వాటిని అటూ ఇటూ జరిపాను. ఏది ఏ లోయదో, వాగుకి ఇటుదో అటుదో, పోయింది. కోసి చూస్తే చాలావాటికి జాతి తెలిసింది. నడిమి రకం పదకొండు మిగిలాయి. అవే అసలు కావలసినవి, ఏ ఊరి దగ్గర పట్టారో తెలిస్తేనే వాటికి అర్థం. డీఎన్ఏ కూడా ఏ కలయికో చెబుతుంది గానీ ఏ వాగు పక్కన పట్టారో చెప్పదు కదా.

సెన్సే తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గిన్నెలు చూశాడు, తన గదికి పోయాడు, ఒక పెన్సిల్ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మేస్త్రి తిట్లు తిని పెరిగిన ఇంటినుంచి వచ్చినవాణ్ణి, ఈ మౌనాన్ని ఏం చేసుకోవాలో అర్థం కాలేదు. ఆ రాత్రి అన్నం దిగలేదు. ఆ పురుగులు ఇప్పుడు "చోటు తెలియదు" అన్న డబ్బాలో ఉన్నాయి, కొత్తగా వచ్చిన పిల్లలు కోత నేర్చుకోవడానికి వాడతారు. చీటీ లేని పురుగు దానికి తప్ప దేనికీ పనికిరాదు.

అదే బీరువాలో ఒకరోజు మన పురుగు కనిపించింది. నల్లటి ఒళ్ళు, వీపు మీద ఆరు తెల్లచుక్కలు. ఆంథియా సెక్స్‌గుటాటా, 1775లో ఫాబ్రీషియస్ పేరు పెట్టింది. తొలకరి పడగానే చెల్కల్లో జరజరా ఉరికే పురుగు, చిన్నప్పుడు పుల్లతో కదిలించి మొహం మీద కొట్టించుకున్నాను కూడా, ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, కంట్లో పడితే ప్రాణం పోయినట్టుంటుంది. ఎవరో మార్పిడిలో పంపారట. చీటీ మీద ఒకటే మాట, ఇండియా. ఎక్కడి ఇండియా? ఇక్కడ ట్రైన్‌లో, అంగట్లో నన్ను అడిగినా అంతే, ఇందో అంటే వాళ్ళకి సరిపోతుంది, కోస్గి అని చెప్పాలని నాకుంటుంది.

అసలు కారాబస్ మన దక్షిణాదిలో లేనే లేదు, హిమాలయాల దాకా పోవాల్సిందే. మనకి వేరేవి ఉన్నాయి. వరిపొలంలో ఆకుముడతలోకి దూరి లోపలి పురుగుని తినే సన్నటిదొకటి, ఓఫియోనియా. తాకితే టప్‌మని కాలే ఆవిరి కొట్టేది ఇంకొకటి, ఫెరోప్సోఫస్. మన దేశపు నేల పెంకుపురుగుల మీద ఆండ్రూస్ అనే ఆంగ్లేయుడు 1929లో, 1935లో రెండు సంపుటాలు రాశాడు. ఇప్పటికీ మొదట తెరిచేది అవే. నాలుగు పురుగులు ఊరినుంచి జేబులో తెచ్చుకుందామంటే 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. 2008లో డార్జిలింగ్ వైపు సింగలీలా పార్కులో పురుగులు పట్టిన ఇద్దరు చెక్ దేశస్తులు అరెస్టయ్యారు కూడా. కాబట్టి ఫొటోలే దిక్కు.

ఆ ఫొటోలు నాయన పంపుతున్నాడు. మొన్న జూన్‌లో, మిరుగు పోయిన వారానికి, ఆరుచుక్కల పురుగు మీద స్టీలు గ్లాసు బోర్లించి ఫోన్ చేశాడు. గ్లాసు ఒక పక్క ఎత్తి ఫొటో తియ్యి, మొహం దూరం పెట్టుకో, తర్వాత వదిలేయి అన్నాను. తీశాడు. ఎక్కడ పట్టినవ్ అని అడిగాను.

"చేన్ల."

చేన్ల అంటే ఎక్కడ నాయనా, సరిగ్గా చెప్పు.

"పాత మోటబాయి లేదా, దానికి పడమర దిక్కు ఒడ్డు మీద, తుమ్మచెట్టు కింద. పొద్దుగాల ఆరు గొట్టంగ. రాత్రి ఆన పడ్డది. గింత చాల్నా?"

చాలు. మా ల్యాబ్‌లో చాలా చీటీల మీద ఇంత వివరం ఉండదు. నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకున్నాను, ఊరు, మండలం, మోటబాయి, తారీఖు, వేళ. చివర్లో కలెక్టర్ అని ఒక గడి ఉంటుంది, అంటే పురుగుని పట్టినవాళ్ళు. అక్కడ నాయన పేరు రాసి, నాయనా, నిన్ను కలెక్టర్‌ని చేసిన అని చెప్పాను.

"మంచిగున్నది," అన్నాడు. "ఇగ జీపు ఎప్పుడొస్తదిరా?"