వరిబీజం ఆపరేషన్: నీళ్లు తోడితే పోదు, పొర సంగతి చూడాలి

వరిబీజానికి సూదితో నీళ్లు తీయిస్తే వాపు ఆ రోజుకు తగ్గుతుంది, తర్వాత చాలామందిలో మళ్లీ నిండుతుంది. వృషణం చుట్టూ ట్యునికా వెజైనాలిస్ అనే రెండు పొరల సంచి ఉంటుంది. నీరు ఊరించేదీ, తిరిగి పీల్చుకునేదీ దాని లోపలి గోడే. ఆ లెక్క తప్పినప్పుడు నీరు నిలుస్తుంది. తోడేసినా గోడ అక్కడే ఉంది కదా! పైగా సూది పోటుతో లోపల రక్తం చేరొచ్చు, చీము పట్టొచ్చు. నీరు తీశాక డాక్సీసైక్లిన్ లాంటి మందు ఎక్కించి గోడలు అతుక్కునేలా చేసే పద్ధతి ఒకటుంది. మత్తుకు తట్టుకోలేనివాళ్లకు అది పనికొస్తుంది గానీ ఒక్కసారితో సరిపోకపోవచ్చు.

ఆపరేషన్‌కు ముందు అది వరిబీజమేనని తేల్చుకోవాలి. వాపు పై అంచు వేళ్లకు అందకుండా గజ్జలోకి పోతుంటే హెర్నియా ఉందేమో చూడాలి. టార్చి వేస్తే వాపు ఎర్రగా వెలుగుతుంది, కానీ పాతబడి గోడ మందమైతే వెలుగు దాటదు. వయసులో ఉన్నవాళ్లకు కొత్తగా నీరు చేరితే స్కానింగ్ తప్పనిసరి. దాని వెనక వృషణంలో గడ్డ దాగి ఉండొచ్చు. క్యాన్సర్ అనుమానం ఉంటే సూది పెట్టకూడదు, కోత కూడా గజ్జలోనే పెట్టాలి.

పెద్దవాళ్లకు సాధారణంగా నడుముకు మత్తు ఇచ్చి, తిత్తి (వృషణాలు ఉండే బయటి చర్మపు సంచి) మీద కోత పెడతారు. పొరలు ఒక్కొక్కటే విడదీసి, సంచి తెరిచి నీరు లాగేస్తారు. మామూలుగా అది లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. పాలలా ఉంటే బోదకాలు జబ్బు గుర్తుకు రావాలి. తర్వాతి పని గోడ మందాన్ని బట్టి. పలచగా ఉంటే చీర కుచ్చిళ్లలా ముడతలు పెట్టి వృషణం చుట్టూ కుట్టేస్తారు, ఇది లార్డ్ పద్ధతి. విడదీయడం తక్కువ కాబట్టి రక్తస్రావమూ తక్కువే. జబులే పద్ధతిలో దిండు గలీబు తిరగేసినట్టు సంచిని తిప్పి, అంచులను వృషణం వెనక కలిపి కుడతారు. ఊరే గోడ బయటివైపు వస్తుంది, ఆ నీటిని చుట్టూ ఉన్న కణజాలం పీల్చుకుంటుంది. కుట్టు బిగిసిపోతే వృషణానికి రక్తం తెచ్చే నాళాలు నలుగుతాయి, అందుకే వేలి కొన పట్టేంత సందు వదలాలి. గోడ మందంగా ఉన్నా, బోదకాలు వల్ల వచ్చినా, సుమారు సెంటీమీటరు అంచు వదిలి మిగతాది కోసి తీసేయడమే మేలు. పాత వరిబీజంలో ఎపిడిడిమిస్ (వృషణం వెనక వీర్యకణాలు సాగే గొట్టం) సాగి గోడకు అంటుకుని కనిపించకుండా పోతుంది. చూసుకోకుండా కోస్తే ఆ పక్క వీర్యకణాల దారి మూసుకుపోతుంది.

అసలు తలనొప్పి రక్తంతోనే. తిత్తి చర్మం వదులుగా ఉంటుంది, లోపల కారే రక్తాన్ని అదిమిపట్టేదేమీ లేదు. చిన్న నాళం ఒక్కటి వదిలేసినా తెల్లారేసరికి బంతిలా ఉబ్బుతుంది. కోసిన అంచంతా కరిగే దారంతో గొలుసు కుట్టు వేసి, చుక్క కూడా ఊరడం లేదని చూశాకే మూయాలి. పెద్దవాటికి సన్నని డ్రెయిన్ (లోపల చేరే రక్తం బయటికి పోయే గొట్టం) ఒకటి రెండు రోజులు ఉంచడం మంచిది. వృషణాన్ని తిరిగి తిత్తిలో పెట్టేటప్పుడు అది మెలిపడలేదని చూసుకోవాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

ఇంటికొచ్చాక పడుకున్నప్పుడు తిత్తి కింద మడిచిన తువ్వాలు, నడిచేటప్పుడు బిగువైన లంగోటీ ఉండాలి. బరువులు ఎత్తడం కొన్ని వారాలు మానాలి. వాపు, గట్టిదనం తగ్గడానికీ వారాలు పడుతుంది, నీరు మళ్లీ చేరిందని కంగారు పడొద్దు. వాపు గంటగంటకూ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా మాత్రం వెంటనే వెళ్లాలి.

పసిపిల్లల సంగతి వేరు. కడుపు నుంచి తిత్తిలోకి దిగే దారి మూసుకోకపోవడం వల్ల వాళ్లకు నీరు చేరుతుంది. ఏడాది, రెండేళ్లలో చాలామందికి అదే మూసుకుంటుంది. హెర్నియా కూడా ఉంటే ఆగకూడదు. ఆపరేషన్ అవసరమైతే గజ్జలో చిన్న కోత పెట్టి, ఆ దారిని పైన కట్టేస్తారు.