స్మార్ట్ బోర్డు మీద వంశధార పాఠం

పర్లాకిమిడి చుట్టుపక్కల బడుల్లో ఉపాధ్యాయులకు ఇంటరాక్టివ్ బోర్డు (తెరను తాకి రాయగల స్మార్ట్ బోర్డు) వాడకం నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది, దాన్ని వీడియోలు వేసే పెద్ద టీవీగా చూడవద్దని. ఒడిశా ప్రభుత్వం గతంలో 5టీ అనే బడుల మెరుగుదల కార్యక్రమం కింద ఉన్నత పాఠశాలల్లో స్మార్ట్ తరగతులు ఏర్పాటు చేసింది. అయితే ఒక్క పూట శిక్షణలో మెనూలన్నీ గబగబా చూపించేస్తే, మర్నాడు తరగతిలో నిలబడిన టీచరుకు వాటిలో ఏదీ గుర్తుకు రాదు. అందుకే నేను బోర్డును పక్కనబెట్టి, ఆ వారం వారు చెప్పబోయే పాఠం ఏమిటని అడుగుతాను.

నదుల పాఠమే తీసుకుందాం. ఊళ్ల పేర్లు మాత్రమే ఉన్న పటాన్ని తెరమీద పెట్టి, వంశధార దారి గీయమని ఒక విద్యార్థిని పిలవాలి. గుణుపురం దాకా సరిగ్గా గీసి, అక్కడి నుంచి తిన్నగా తూర్పు సముద్రంలోకి లాగేసే పిల్లలు ఉంటారు. ఆ గీతను చెరపకుండా, మరొకరిచేత వేరే రంగుతో గీయించి, ఏది సరైనదో తరగతినే తేల్చమనాలి. ఆ తరువాతే కాశీనగరం, హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ, కళింగపట్నం వరుసగా గుర్తు పెట్టించాలి. మన పట్టణం పక్కనే పారే మహేంద్రతనయ ఎందులో కలుస్తుందన్న ప్రశ్న అప్పుడు పిల్లల నుంచే వస్తుంది. ఆ పేజీని సేవ్ చేసుకుని, మర్నాటి పాఠాన్ని దానితోనే మొదలుపెట్టవచ్చు. నల్లబల్లకు లేని ఈ ఒక్క సౌకర్యమే నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలకు ఈ బోర్డు మరింత మేలు చేస్తుంది. ఒడియా పదం పక్కన తెలుగు పదం రాసి కప్పి ఉంచి, పిల్లలు చెప్పాక తెరవవచ్చు. ఆ పదాలను ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోనే టైపు చేయాలి. పాత ఫాంట్లలో చేసినవి మరో కంప్యూటరులో అక్షరాలు చెదిరిపోతాయి.

కంటికి కనబడని కాంతితో వేలి స్పర్శను గుర్తించే ఇన్‌ఫ్రారెడ్ బోర్డు అంచుల్లో దుమ్ము చేరితే స్పర్శ తప్పుతుంది కనుక పొడిగుడ్డతో తుడవాలి, ప్రొజెక్టరు కదిలితే తాకిన చోటే గీత పడేలా మళ్లీ సరిచూసుకోవాలి (క్యాలిబ్రేషన్). కరెంటు పోయే వేళల కోసం సుద్దముక్క ఎలాగూ దగ్గర ఉండాలి.

శిక్షణ అయిన వారం నేను వెనుక బెంచీలో కూర్చుని, బోర్డు దగ్గరకు ఏయే పిల్లలు వచ్చారో, ఎవరు చోటు కదలలేదో రాసుకుంటాను. పీరియడు ముగిశాక ఆ కాగితాన్ని టీచరుతో కలిసి చూసి, తరువాతి పాఠంలో ముందుగా ఎవరిని పిలవాలో ఇద్దరం నిర్ణయించుకుంటాం.