పచ్చిక మీద సింఫనీ, చాప మీద పులిహోర

షికాగో దగ్గర మా నేపర్‌విల్‌లో తెలుగు పిల్లల శనివారం సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున కూచిపూడి, మధ్యాహ్నం మ్యాథ్స్, సాయంత్రం వయొలిన్. అన్నిటికీ ఫీజు, అన్నిటికీ మన డ్రైవింగ్. సంస్కృతి నిలబెడుతున్నామని మనం అనుకుంటాం గానీ, పిల్లల లెక్కలో సంగీతం అంటే ఇంకో హోంవర్కు.

విజయనగరంలో మేం చాలామందిమి అసలు నేర్చుకోనేలేదు. విన్నాం, అంతే. శ్రీరామనవమి పందిట్లో కచేరీ అవుతుంటే వడపప్పు తింటూ, సగం నిద్రలో విన్నాం. మధ్యలో లేచి వెళ్ళిపోయినా అడిగేవాళ్ళు లేరు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా చేసిన ఊరు కదా, వయొలిన్ మాటెత్తితే కిళ్ళీకొట్టాయనకి కూడా ఓ అభిప్రాయం ఉండేది.

ఇక్కడ ఆ పందిరి నాకు గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్‌లో దొరికింది. షికాగో డౌన్‌టౌన్, మిలీనియం పార్కు. జూన్ నుంచి ఆగస్టు దాకా బుధ, శుక్ర, శనివారాల సాయంత్రాలు ఫుల్ ఆర్కెస్ట్రా, ఉచితం. 1935లో, ఆర్థిక మాంద్యంలో వాయిద్యకారులకు పనుల్లేని రోజుల్లో, వాళ్ళ యూనియన్ నాయకుడు జేమ్స్ పెట్రిల్లో పూనుకుంటే మొదలైన కచేరీలివి. 2004 నుంచి ఫ్రాంక్ గెహ్రీ డిజైన్ చేసిన ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌లో జరుగుతున్నాయి. ముందు కుర్చీలు కొన్ని డబ్బు కట్టినవాళ్ళకి, వెనక పచ్చికంతా మనదే. ఆ పచ్చిక పైన ఉక్కు గొట్టాలు అల్లి స్పీకర్లు వేలాడదీశారు. వెనక స్పీకర్లలోంచి శబ్దాన్ని రవ్వంత ఆలస్యంగా వదులుతారు. అందుకే ఎంత దూరాన పడుకుని విన్నా వేదిక మీంచే వస్తున్నట్టుంటుంది.

పోయిన వేసవిలో నాన్న వచ్చినప్పుడు తీసుకెళ్ళాం. పక్కవాళ్ళ దుప్పటి మీద వైన్, చీజ్. మా చాప మీద పులిహోర, పెరుగన్నం. ఆ రోజు బీథోవెన్ ఏడో సింఫనీ. దాని రెండో భాగమంతా ఒకటే లయ నడుస్తుంది: ఒక పొడుగు, రెండు పొట్టి, రెండు పొడుగు, మళ్ళీ మొదటికి. నాన్న డబ్బా మూత పెట్టేసి తొడ మీద తాళం అందుకున్నారు. కింది స్థాయిలో మొదలైన వరసని వయొలిన్లు పైకెత్తుకునే చోట చెయ్యి గాల్లో ఆగిపోయింది. “ఆహా!” అన్నారు, పైకే.

మా అమ్మాయి స్కూల్ ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది, మర్యాదలన్నీ కంఠతా. “తాతయ్యా, ష్! మధ్యలో ఏమీ అనకూడదు. చప్పట్లు కూడా నాలుగు భాగాలూ అయ్యాకే.”

“మరి బాగుందని వాళ్ళకెలా తెలుస్తుందే?”

దానికి జవాబు తోచలేదు. ఇంటికొచ్చి వెతికింది. 1813లో వియన్నాలో ఈ సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు, జనం పట్టుబట్టి ఆ రెండో భాగాన్నే మళ్ళీ వాయింపించుకున్నారట. “అయితే వాళ్ళూ తాతయ్య టైపే” అంది, కాస్త అయిష్టంగానే.

ఇంట్లో రెండు వయొలిన్లున్నాయి. బడిదాన్ని గడ్డం కింద పెట్టి వాయిస్తుంది, కర్ణాటకందాన్ని నేల మీద కూచుని, చీలమండకి ఆనించి. శ్రుతులూ వేరే. ఈ రెంటికీ చుట్టరికం ఉందని అది ఎన్నడూ అనుకున్నట్టు లేదు. ఆ వారంలో మాత్రం నేల మీద కూచుని బీథోవెన్ వరస వెతుక్కుంటూ కనిపించింది. “కీరవాణి ఛాయ ఉంది, చూడు” అని నాన్న వంటింట్లోంచి అరుస్తారు. “రాగం కాదు తాతయ్యా, ఎ మైనర్” అని ఇది. క్లాసులో అడగమంటే నోరు విప్పని పిల్ల!

ఈ వేసవికి బుధవారం క్లాసు మానిపించి పార్కుకు తీసుకెళ్తానని టీచర్‌గారికి చెప్పాను. ఆవిడకి నచ్చలేదు, “ప్రాక్టీసు పోతుందండీ” అన్నారు. పోతే పోనీ అని నా ఉద్దేశం. ఫీజు మాత్రం యథాప్రకారం పంపుతానన్నాను.