ప్యాంటు చిరిగే చోటు నుంచే కొలత మొదలుపెట్టాలి

ఇంట్లో పాతబడిన ప్యాంట్లన్నీ తీసి తిరగేసి చూస్తే, అవి పాడయ్యే చోట్లు నాలుగైదుకు మించి కనిపించవు: వెనుక సీటు కుట్టు, తొడలు రాసుకునే భాగం, జేబు మూలలు, జిప్పు కింది కొస, మడమ తగిలే అంచు. గుడ్డ నాసిరకం కావడం వల్లనో, దారం పుచ్చిపోవడం వల్లనో అలా జరిగిందని సాధారణంగా అనుకుంటాం. ప్యాంట్లు కుట్టడం నేర్చుకుంటున్న కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం మాత్రం వేరు. వీటిలో ఎక్కువ భాగం ముందుగా కొలత తప్పి, ఆ తర్వాత చిరిగినవే. శరీరం కదలడానికి కావలసినంత గుడ్డ లేని చోట ఆ లోటునంతా కుట్టు మోస్తుంది, మోయలేని రోజున తెగిపోతుంది. అందుచేత ఒంటికి అమరేలా కుట్టడం, పదికాలాలు నిలిచేలా కుట్టడం అనేవి రెండు వేర్వేరు విద్యలని నేను అనుకోవడం లేదు.

ఇది అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది సీటు దగ్గర. నాకు కత్తిరింపు నేర్పిన విశాఖ వన్‌టౌన్ మాస్టారు "నిలబడితే ఏ ప్యాంటైనా బాగానే ఉంటుందమ్మా, కూర్చుని చూడాలి" అనేవారు. నడుముకు ఒక నాడా కట్టుకుని, గట్టి బల్ల మీద నిటారుగా కూర్చుని, పక్కవైపున నాడా నుంచి బల్ల వరకు టేపు పెడితే వచ్చేదే రైజు. దానికి అర అంగుళం నుంచి అంగుళం దాకా వదులు కలుపుకోవాలి. దీనితోపాటు, నాడా ముందు భాగం నుంచి కాళ్ళ సందుగా వెనుక నాడా వరకు ఉన్న మొత్తం పొడవును కూడా కొలిచి పెట్టుకోవాలి, ఎందుకంటే సీటు వంపు గీసిన తర్వాత ఆ గీత పొడవును సరిచూసుకోవడానికి ఆధారం ఇదే. సీటు చుట్టుకొలత 40 అంగుళాలు ఉన్నవారికి, కాళ్ళ సందులోకి పొడుచుకు వచ్చే భాగాన్ని ముందు ముక్కకు సుమారు రెండున్నర అంగుళాలు, వెనుక ముక్కకు సుమారు ఐదు అంగుళాలు పెట్టి గీయడం మొదలుపెట్టవచ్చు. ఇవి తుది కొలతలు కావు, ఒంటి తీరును బట్టి మారతాయి.

మనం నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేస్తాం, గొంతుక్కూర్చుని పనులు చేసుకుంటాం, స్కూటరు మీద గాజువాక దాకా వెళ్ళి వస్తాం. ఈ భంగిమలన్నిటిలోనూ వెనుక భాగమే సాగాలి గనుక, కుర్చీలో కూర్చోవడానికి మాత్రమే చాలే వెనుక రైజు, అంటే కాళ్ళ సందు నుంచి వెనుక నడుము వరకు ఉండే పొడవు, మనకు చాలదు. వంగినప్పుడల్లా వెనుక పట్టీ నడుము నుంచి కిందికి జారుతుంటే వెనుక రైజు తక్కువైందని అర్థం. అటువంటప్పుడు బెల్టు బిగిస్తే సీటు కుట్టు మీద లాగుడు మరింత పెరుగుతుంది.

అసలు గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు, జేబులూ జిప్పూ లేకుండా, కోరా గుడ్డతో గానీ పాత దుప్పటితో గానీ ఒక నమూనా కుట్టుకోవడం మంచిది. దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడితే ముడతలే తప్పు చెబుతాయి. కాళ్ళ సందు నుంచి తుంటి వైపు పైకి లాగినట్టు గీతలు పడితే అక్కడ గుడ్డ చాలలేదు, సీటు వంపు పొడవు పెంచాలి. సీటు కింద గుడ్డ సంచిలా వేలాడితే వెనుక భాగం ఎక్కువైంది, దాన్ని మడిచి గుండుసూదులు పెట్టి ఎంత తగ్గించాలో చూసుకోవాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, రెండు కలిపి చేస్తే దేని ఫలితం ఏదో తెలియదు.

కొలత కుదిరిన తర్వాత కుట్టులో కూడా సీటుకే ఎక్కువ శ్రద్ధ దక్కాలి. ఒక కాలును తిరగేసి, రెండో కాలును అందులోకి దూర్చి, ముందు జిప్పు కింది కొస నుంచి వెనుక నడుము దాకా ఒకే కుట్టుగా కుట్టాలి. ఈ వంపులో గుడ్డ పడుగుకూ పేకకూ ఏటవాలుగా పడుతుంది గనుక అది సాగుతుంది, దారం అంతగా సాగదు. అందుకే ఆ భాగాన్ని చేతితో కొద్దిగా లాగి పట్టుకుంటూ, మొదటి కుట్టు మీదనే రెండో కుట్టు వేస్తాను. వంపు అడుగు భాగాన్ని ఇస్త్రీతో రెండు పక్కలకూ విడదీయకుండా, పైకి నిలిచి ఉండేలా వదిలేయాలి. వెనుక ముక్క లోపలి అంచును ముందు ముక్క కన్నా పావు అంగుళం పొట్టిగా కత్తిరించి, తొడ పైభాగంలో ఇస్త్రీ ఆవిరితో సాగదీసి కలిపితే, సీటు కింద గుడ్డ ఒంటిని అంటి అమరుతుంది. తొడలు రాసుకునే లోపలి కుట్టును మడిచి రెండు వరసలు కుట్టుకుంటే అంచు పోగులు ఊడవు.

ఇక గుడ్డ సంగతి. పొందూరు ఖద్దరు మన పక్కనే నేస్తారు, పంచెలకూ చొక్కాలకూ దాన్ని మించినది లేదని నా నమ్మకం, కానీ అంత సన్నని నేత ప్యాంటుకు ఆగదు. విశాఖ ఉక్కకు నూలే హాయి కనుక, పూర్ణా మార్కెట్‌లో తిరిగేటప్పుడు నేను చూసేది నూలు డ్రిల్లు, ఏటవాలు గీతలు కనిపించే దళసరి నేత. కొన్న గుడ్డను కత్తిరించక ముందే ఇంట్లో ఉతికే పద్ధతిలోనే ఉతికి ఆరేయాలి. నలభై అంగుళాల పొడవులో నూటికి మూడు పాళ్ళు కుదించుకుపోయినా అంగుళానికి పైగా తగ్గిపోతుంది. దారం మాత్రం పాలిస్టర్‌దే వాడాలి, చెమటకు నూలు దారం తొందరగా పుచ్చిపోతుంది. 16 నంబరు సూది, అంగుళానికి సుమారు పది కుట్లు ఈ గుడ్డకు సరిపోతాయి. సముద్రపు గాలికి ఇనుప హుక్కులు తుప్పు పట్టి మరకలు వదులుతాయి, కనుక ఇత్తడి లేదా నైలాన్ జిప్పు, తుప్పు పట్టని హుక్కు ఎంచుకోవడం మేలు.

జేబు మూలల బలహీనత కొత్తగా కనిపెట్టినది కాదు. అమెరికాలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ కూలిపని వాళ్ళ ప్యాంట్ల జేబు మూలలకు రాగి రివెట్లు, అంటే గుడ్డను బిగించి పట్టే చిన్న లోహపు మేకులు, కొట్టాడు. గుడ్డల వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు పొందాడు. రివెట్లు లేకపోయినా మనకు ఇబ్బంది లేదు. జేబు మూల వెనుక చిన్న గుడ్డ ముక్క పెట్టి, మిషన్‌ను ముందుకూ వెనక్కూ అరంగుళం మేర దట్టంగా నడిపితే, లేదా చేత్తో కాజా కుట్టు వేస్తే, అదే పని జరుగుతుంది. జిప్పు కింది కొసకు కూడా ఇలాగే చేయాలి. మడమ తగిలే అంచు లోపల ఒక పట్టీ వేస్తే అక్కడ గుడ్డ అరగదు.

నడుము పట్టీని ఒకే ముక్కగా కాకుండా వెనుక మధ్యలో అతుకు వచ్చేలా రెండు ముక్కలుగా పెట్టి, సీటు కుట్టును పట్టీతో సహా అన్నిటికన్నా చివర కుట్టాలని నా గట్టి సలహా, అప్పుడు నడుము పెరిగినా ఆ ఒక్క కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. మా నాన్నగారి పాత ప్యాంటు ఒకటి తిరగేస్తే, వెనుక కుట్టు పక్కన అంగుళంన్నర గుడ్డ వదిలి ఉంది, దాని మీద చాక్ గీత ఇంకా లీలగా కనిపిస్తోంది, మునుపటి కుట్టు సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి. ఆయన నడుము పెరిగినప్పుడు ఎవరో దర్జీ ఆ గుడ్డలోంచే వదులు చేసి ఉంటారు. రెడీమేడ్ ప్యాంట్లలో తరచుగా ఈ వెసులుబాటు ఉండదు. నేను కుట్టే ప్రతి ప్యాంటుకూ అంత గుడ్డ వదులుతున్నాను. కత్తిరింపులో మిగిలిన పెద్ద ముక్కను ప్యాంటుతో పాటే ఉతుకుతూ ఉంటే దాని రంగు కూడా ప్యాంటుతో సమానంగా వెలుస్తుంది, మోకాలి దగ్గర ఎప్పుడైనా మాసిక వేయవలసి వస్తే కొత్త గుడ్డలా ఎత్తి చూపకుండా కలిసిపోతుంది.