వినని పిల్లల ముందు మాట్లాడటం: గంజాం జిల్లాలో నా అనుభవం

ఒడిశాలోని బరంపురంలో లెక్కల మాస్టారుగా పనిచేసి విరమణ పొందిన నాకు, కేసుల్లో చిక్కుకుని, విచారణ ముగిసేదాకా పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కు చేరిన మగపిల్లలతో వారానికోసారి మాట్లాడే అవకాశం వచ్చింది. దరఖాస్తు, ఆధార్ నకలు, పోలీసు ధ్రువపత్రం, ఫోన్ గేటు దగ్గరే వదిలేస్తానన్న హామీ పత్రం, ఇవన్నీ పెద్ద ఇబ్బంది లేకుండానే పూర్తయ్యాయి. అసలు పరీక్ష హాలులో ఎదురైంది.

కార్యాలయం నాకు కేటాయించిన అంశం ‘లక్ష్యసాధన’. ఎదుట కూర్చున్నవారిలో కొందరు మా ఊరి తెలుగు వీధుల పిల్లలు, కొందరు గోపాల్‌పూర్ వైపు తీరంలోని తెలుగు మాట్లాడే మత్స్యకార పల్లెలవాళ్లు, మిగిలినవారు ఒడియా పిల్లలు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, రెండింటిలోనూ రాయడం సరిగా పట్టుబడక ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో చదువు మానేసినవారే వారిలో ఎక్కువ. నేను రెండు భాషల్లోనూ ఓపికగా చెబుతుంటే ఒకడు మోకాళ్ల మధ్య తల దూర్చి నిద్రపోయాడు. గోడ పక్కనున్న మరొకడు పెచ్చులూడిన సున్నాన్ని గోటితో గీకి, ఆ పొడిని నేల మీద వరుసగా కుప్పలు పెట్టసాగాడు. వెనక నుంచి ఒక గొంతు, “అయిపోనాదా మాస్టారూ?” అని అడిగింది. హాలంతా ఘొల్లుమంది.

ఆ నవ్వునైనా భరించవచ్చు. కాపలా ఉద్యోగి వచ్చి లాఠీతో బల్ల మీద కొట్టి, “మాస్టారు చెప్పేది వినండి” అని గద్దించగానే అందరూ నిటారుగా కూర్చుని కళ్లార్పకుండా నన్నే చూడటం మొదలుపెట్టారు. పదో తరగతి లెక్కలంటే పారిపోయే పిల్లలను కూర్చోబెట్టి నెగ్గించిన పేరు నాకు బరంపురంలో ఇప్పటికీ ఉంది. అటువంటి నేను ఆ బెదిరిన చూపుల ముందు తర్వాతి వాక్యం మరచిపోయాను. బయటికి వస్తుంటే అటెండరు, “మీకు టీఏ ఎంత ఇస్తారండీ?” అని అడిగాడు. ఏమీ ఇవ్వరని చెబితే జాలిగా చూశాడు.

ఆ తరువాతి వారాలు కూడా అదే తీరుగా నడిచాయి. మధ్యలో ఒక అధికారి బ్యానరు పట్టుకుని వచ్చి, పిల్లలను నా చుట్టూ నిలబెట్టి ఫోటో తీయబోయారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం ఇటువంటి పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో ఏవీ బయటపెట్టకూడదని, ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని నేను గుర్తుచేస్తే, ఆయన ముఖం మాడ్చుకుని, “మీరు ఉపన్యాసం చూసుకోండి” అన్నారు. పిల్లలు వినడం లేదని ఫిర్యాదు చేసే పెద్దలు, పిల్లల గురించి రాసి ఉన్న చట్టాన్ని ఒక్కసారైనా చదవాలి.

మానేద్దామనిపించిన మాట నిజమే. అప్పుడు వైద్యుడైన ఒక మిత్రుడు చెప్పినది పనికొచ్చింది. ఆ వయసులో తోటివారి ఎదుట ఆసక్తి చూపడం పరువు తక్కువ పని. పెద్దల చేతిలో మోసపోయిన పిల్లవాడికి అది ప్రమాదం కూడా. మత్తు అలవాటు నుంచి అప్పుడే బయటపడ్డవాడికైతే నిద్రమత్తు, చిరాకు సహజం. అంటే వారి ముఖాలను బట్టి నా పనికి మార్కులు వేయడం కుదరదు. పైగా చట్టం ప్రకారం విచారణ నాలుగు నెలల్లో పూర్తి కావాలి, సాధారణంగా మరో రెండు నెలల వరకు పొడిగించవచ్చు. ఈలోపే బెయిలు మీద వెళ్లిపోయేవారూ ఉంటారు కనుక మారిన పిల్లవాడిని కళ్లారా చూసే భాగ్యం ఇక్కడ దాదాపు దొరకదు. కాబట్టి నా చేతిలో ఉన్న రెండింటినే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను: చెప్పిన వేళకు వెళ్లానా, పోయిన వారం ఇచ్చిన మాట నిలుపుకున్నానా.

ఒక వారం, సున్నం గీకే కుర్రవాడు తల ఎత్తకుండానే, “మాస్టారూ, వేట ఎప్పుడు తెరుత్తారు?” అని అడిగాడు. తూర్పు తీరంలో మర పడవల చేపల వేటపై ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం ఉంటుంది. కనుక్కుని చెబుతానన్నాను, మరుసటి వారం వెళ్లగానే ముందు ఆ తేదీనే చెప్పాను. అప్పుడు వాడు అసలు విషయం బయటపెట్టాడు: “వేట తెరిత్తే మా అయ్య వాయిదాకి రాడు.” కూలికి పడవెక్కే తండ్రి ఆ రోజు సముద్రం మీద ఉంటే, తన పక్షాన నిలబడేవారెవరూ ఉండరని వాడి బెంగ.

ఆ రోజు లక్ష్యసాధనను పక్కన పెట్టి, వాళ్ల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారని, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ కావాలని, ఉచితంగా వకీలును పొందే హక్కు ఉందని చెప్పాను. నిద్రపోయేవాడు కూడా లేచాడు. సూరత్ మరమగ్గాల్లో పనిచేసి వచ్చిన మరొకడు, “కేసుందని తెలిత్తే మిల్లులో ఎట్టుకుంటారా?” అన్నాడు. 24వ సెక్షను కింద బాల్యంలోని కేసు తరువాతి జీవితానికి అనర్హత కాదని, పదహారేళ్లు నిండి పిల్లల కోర్టులో పెద్దవారిలా విచారణ జరిగి దోషిగా తేలినవారికి మాత్రం ఇది వర్తించదని చెబితే, ఆ మినహాయింపును నాచేత రెండోసారి చెప్పించుకున్నారు. వెనక గొంతు ఈసారి అయిపోయిందా అని అడగలేదు.

ఇటువంటి పనికి వెళ్లేవారికి నా సూచన: కాపలావాళ్లను హాలు బయట ఉండమని ముందే కోరండి, బ్యానరుకు ఒప్పుకోకండి, బదులు తెలియని ప్రశ్నను పుస్తకంలో రాసుకుని మరుసటి వారం దానితోనే మొదలుపెట్టండి. చట్టం సంగతులు న్యాయ సేవల సంస్థ వారి పని అని కార్యాలయం నాకు చెప్పి చూసింది. వారు వచ్చేవరకు నేను చెబుతానని రాసిచ్చాను. అనుమతి పొడిగింపు కాగితంలో అంశం గడిని ఖాళీగా వదిలి పంపారు.