స్పీడ్ ఫుల్లుగా ఉన్నా కాల్ ఎందుకు ముక్కలవుతుంది?

ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్లో వీడియోలు బ్యాకప్ పెట్టారంటే చాలు, నా ఆఫీసు కాల్‌లో అవతలివాళ్ల మాటలు ముక్కలు ముక్కలైపోతాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పెద్ద ప్లాన్‌కి మారమంటారు. స్పీడ్ టెస్ట్ పెడితే కట్టిన డబ్బుకి తగ్గ స్పీడ్ వస్తూనే ఉంది, ఇంక మారి ఏం లాభం?

చిక్కంతా మోడెంలో పేరుకునే క్యూ దగ్గరుంది. నెట్‌లో డేటాని ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పంపే పద్ధతి టీసీపీ, దారిలో ఎంత ఖాళీ ఉందో దానికి ముందుగా తెలీదు. ప్యాకెట్లు పెంచుకుంటూ పోతుంది, ఒకటి పోయిందని తెలియగానే తగ్గిస్తుంది, మళ్లీ మెల్లగా పెంచుతుంది. ఈ బుద్ధి దానికి పుట్టుకతో లేదు. 1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య, అంటే 400 గజాల దూరంలో, సెకనుకి 32 వేల బిట్లు వెళ్లాల్సింది 40 బిట్లకి పడిపోయింది. వేలు కాదు, అక్షరాలా నలభై! రద్దీలో ఇరుక్కున్న ప్యాకెట్లు పోయాయనుకుని మెషీన్లన్నీ పంపినవే మళ్లీ మళ్లీ పంపడంతో ఉన్న దారి కూడా మూసుకుపోయింది. దాని మీద తలబద్దలు కొట్టుకున్న వాన్ జాకబ్సన్, మైక్ కారెల్స్ 1988లో రాసిన పేపరే ఇప్పటికీ పునాది.

అయితే ఆ పద్ధతి పనిచేయాలంటే రద్దీ ఉన్నప్పుడు ప్యాకెట్ సరైన సమయానికి తప్పిపోవాలి, అప్పుడే తగ్గించాలని టీసీపీకి తెలుస్తుంది. మెమరీ చవకయ్యాక ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని మోడెంలలో పెద్ద పెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్లు వంతు కోసం ఆగే జాగాలు, పెట్టేశారు. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉన్న లైన్‌లో 1 ఎంబీ (అంటే 8 మెగాబిట్ల) బఫర్ నిండిందంటే వెనకొచ్చే ప్రతి ప్యాకెట్ దాదాపు 0.8 సెకను ఆగాలి, అందులో నా గొంతు కూడా ఉంటుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు, జిమ్ గెటిస్ అనే ప్రోగ్రామర్ దీని గురించి 2010 చివర్లో గట్టిగా రాయడం మొదలుపెట్టాడు.

మీ లైన్‌లో ఉందో లేదో చూడ్డం తేలికే. ఒక విండోలో పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూపే కమాండ్) నడుపుతూ పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేయండి, 10 మిల్లీసెకన్లు ఉన్నది 500కి ఎగిరిందంటే ఉన్నట్టే. నేను ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రౌటర్‌లో, క్యూని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎమ్ ఆన్ చేసి, అప్‌లోడ్ స్పీడ్‌ని అసలుదానిలో 90 శాతానికి కట్టాను. అప్పుడు క్యూ మోడెంలో కాకుండా మన రౌటర్‌లో పడుతుంది, అక్కడ ఎస్‌క్యూఎమ్ వాడే కేక్‌గానీ ఎఫ్‌క్యూ-కోడెల్‌గానీ అనే పద్ధతి ఒక్కో కనెక్షన్‌ని విడివిడిగా చూసుకుంటూ, ఎక్కువసేపు ఆగుతున్న ప్యాకెట్లలో కొన్నిటిని కావాలనే పారేస్తుంది. బ్యాకప్ కాస్త నెమ్మదిస్తుంది, కాల్ మాత్రం శుభ్రంగా నడుస్తుంది. నాకైతే ఆ పది శాతం పోయినా బాధ లేదు.

చవక రౌటర్లలో దీనికి సరిపడా ప్రాసెసర్ ఉండదు, 300 ఎంబీపీఎస్ లైన్‌కి పెడితే డౌన్‌లోడ్ సగానికి పడిపోవచ్చు. అలాంటప్పుడు అప్‌లోడ్‌కి మాత్రమే పెట్టుకోండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లకి ఇది అంతగా కుదరదు, అక్కడ అసలు స్పీడే నిమిషానికోలా మారుతుంటే 90 శాతం దేనిలో లెక్కకడతాం?