సగం ముఖంతో సంఘంలో

బెల్స్ పాల్సీ చెప్పాపెట్టకుండా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ముఖంలో ఒకవైపు జారిపోతుంది. నాకు ఎడమవైపు. ముఖ కండరాలను నడిపే ఏడో కపాల నాడి చెవి దగ్గర ఇరుకైన ఎముక గొట్టంలోంచి వస్తుంది. అక్కడ అది వాచి నలిగిపోతే నుదురు ముడత పడదు, కన్ను మూతపడదు, తాగే నీళ్లు నోటి మూలనుంచి కారిపోతాయి. స్ట్రోక్‌లోనైతే సాధారణంగా నుదురు కదులుతుంది, ముఖం కింది భాగమే జారుతుంది. కానీ అది ఇంట్లో తేల్చుకునే తేడా కాదు. మూతి వంకరపోగానే ఆస్పత్రికి వెళ్లాలి.

వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్‌ను జబ్బు మొదలైన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా కోలుకునే అవకాశం పెరుగుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు, 10 రోజులు అన్నది మామూలుగా రాసే మోతాదుల్లో ఒకటి. పొద్దున తిన్నాక వేసుకుంటే కడుపుకీ నిద్రకీ ఇబ్బంది తగ్గుతుంది. షుగర్ ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి, ఈ మందుతో అది పెరుగుతుంది.

అసలు పనంతా కంటితోనే. రెప్ప పడని కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు తరచూ వేయాలి. రాత్రి ఆయింట్‌మెంట్ రాసి, రెప్పను వేలితో మూసి టేపు అంటించాలి. రెప్ప సరిగ్గా మూయకుండా పైన దూది పెట్టి కట్టేస్తే, లోపల కన్ను తెరుచుకుని దూదికే గీసుకుపోతుంది. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టరును కలవాలి.

అలాంటి కంట్లో నలుసు పడితే రుద్దకూడదు. శుభ్రమైన నీళ్లతో కడగాలి, పోకపోతే డాక్టరే తీయాలి. తీసేవాళ్లకు చూపు తేటగా ఉండాలి, చెయ్యి వణకకూడదు, కన్ను ఎవరిదో వాళ్లు ఒప్పుకుని కదలకుండా కూర్చోవాలి. బైబిల్లో మత్తయి సువార్త 7వ అధ్యాయంలో యేసు నలుసు ఊసే ఎత్తవద్దనలేదు. ముందు నీ కంట్లోని దూలం తీసుకో, అప్పుడు సహోదరుని కంట్లోని నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అన్నాడు. ఆ వరుస తప్పితే తీయబోయిన చెయ్యే కంటిని గాయపరుస్తుంది.

ఈ జబ్బుతో ఆరాధనలో కూర్చుంటే మన ముఖాన్ని చుట్టుపక్కలవాళ్లు చదివేస్తారు, తప్పుగా. చెవిలోని చిన్న కండరం పనిచేయక మామూలు శబ్దం కూడా హోరెత్తుతుంది. చెవి మూసుకుంటే పాటలంటే గిట్టదనుకుంటారు. వందనాలు చెప్పినప్పుడు పెదవి సాగకపోతే గర్వమంటారు. ప్రభువు బల్ల దగ్గర గిన్నె ఎత్తితే ద్రాక్షారసం గడ్డం మీదికి జారుతుంది; పెదవి మూలను వేలితో పట్టుకుని కొంచెం కొంచెంగా తాగాలి. అది చూసినవాళ్లకు భక్తిహీనతలా కనబడొచ్చు. కింది రెప్ప వేలాడి కన్నీరు బయటికి పొర్లుతుంటే మాత్రం పశ్చాత్తాపమని మెచ్చుకుంటారు. నాకు విమర్శకన్నా ఆ మెప్పే ఇబ్బంది పెట్టింది. చూసి తీర్పు చెప్పడంలో రెండూ ఒకటే.

హన్నా విషయంలో జరిగిందీ ఇదే. మొదటి సమూయేలు 1వ అధ్యాయంలో, బిడ్డ కోసం మనసులోనే ప్రార్థిస్తున్న ఆమె నోటినే ఏలీ గమనించాడు. పెదవులు కదులుతున్నాయి, స్వరం లేదు, కాబట్టి తాగి ఉందనుకున్నాడు. యాజకుడు, పైగా మందిరంలో. అయితే ఆమె సంగతి చెప్పగానే అతను వాదించలేదు, క్షేమంగా వెళ్లమని దీవించాడు. తగ్గింపు అంటే ఎప్పుడూ తల వంచుకుని ఉండడమనుకుంటాం గానీ, అన్నమాటను అక్కడికక్కడే వదిలేసుకోవడం అంతకన్నా కష్టం.

పలకరించేవాళ్లు ఎదురుగా నిలబడి ముఖాన్ని పరిశీలించకుండా పక్కన కూర్చుంటే చాలు. "చప్పుడు ఎక్కువగా ఉందా, చోటు మారదామా?" అని అడగొచ్చు. ఏ పాపం చేశారోనని వెతకనక్కర్లేదు. యోహాను సువార్త 9లో ఒక పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ఆ ప్రశ్న వేస్తే, అతనూ అతని తల్లిదండ్రులూ పాపం చేసినందువల్ల కాదని యేసు తోసిపుచ్చాడు.

చాలామందిలో కొన్ని వారాల్లో కదలిక మొదలవుతుంది, నెలల్లో సర్దుకుంటుంది. 3 నెలలు దాటినా ఏమాత్రం కదలకపోతే మళ్లీ పరీక్ష చేయించాలి. అద్దం ముందు వ్యాయామం మెల్లగా, చిన్న కదలికలతోనే చేయాలి. బలవంతంగా లాగితే మంచికన్నా చెడే ఎక్కువ. కొందరిలో నాడి తిరిగి పెరిగేటప్పుడు తీగలు తారుమారై, నవ్వితే కన్ను మూసుకుంటుంది. నాకు కొంచెం అలాగే మిగిలింది. కన్ను కొట్టానని ఎవరైనా అనుకుంటే, నాడి సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తాను.